నిమిషంలో ఫొటో, గంటసేపు కడుగుడు

పోయినేడాది ఫెస్ట్‌కి మన క్లబ్ స్టాల్‌లో ఏం పెడదాం అని మీటింగ్ పెట్టుకుంటే ఎప్పటిలాగే మూడు ఐడియాలు వచ్చాయి. కవి సమ్మేళనం, పాత పుస్తకాల అమ్మకం, పానీపూరీ. మొదటి రెండింటికీ జనం రారు. మూడోది మెకానికల్ వాళ్లు అప్పటికే బుక్ చేసేసుకున్నారు. అప్పుడు ఫైనలియర్ అన్న ఒకాయన "అనలాగ్ ఫొటోబూత్ పెడదాంరా" అన్నాడు. 'అమెలీ' సినిమా చూసినవాళ్లకి వెంటనే వెలిగింది, చూడనివాళ్లం గూగుల్ చేసుకున్నాం.

ఫొటోబూత్ అంటే ఫోన్ స్టాండూ, రింగ్ లైటూ, ప్లాస్టిక్ మీసాలూ కాదు. అసలుది అల్మారా అంత పెద్ద పెట్టె. లోపల ఒక స్టూలు, ముందు అద్దం, పక్కన తెర. నాణెం వేస్తే నాలుగుసార్లు లైటు వెలుగుతుంది. కొన్ని నిమిషాలయ్యాక పక్కనున్న సందులోంచి నాలుగు బొమ్మల కాగితం పట్టీ తడితడిగా బయటికి వస్తుంది. ఆ పెట్టెలోనే కెమెరా, ఆ పెట్టెలోనే డార్క్‌రూమ్.

దాన్ని కొనడానికి బయల్దేరి, చివరికి పురానాపూల్‌లో ఇంకోటి కొన్నాం. ఎలా కొన్నామో, అది ఎలా పనిచేస్తుందో, దాన్ని కాపాడుకోవడంలో ఎక్కడ తప్పు చేశామో రాస్తున్నాను. తప్పు గురించిన భాగం కొంచెం ఓపిగ్గా చదవండి. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

బూత్ ఎందుకు కొనలేదు

సైబీరియాలోని ఓమ్‌స్క్‌లో పుట్టి అమెరికా చేరిన అనతోల్ జోసెఫో 1925లో న్యూయార్క్ బ్రాడ్‌వేలో మొదటి 'ఫొటోమేటన్' స్టూడియో తెరిచాడు. 25 సెంట్లకి 8 ఫొటోలు. జనం క్యూలు కట్టారు. రెండేళ్లకే, 1927లో, దాని హక్కుల్ని పది లక్షల డాలర్లకి అమ్మాడు. మన స్టార్టప్ సెల్ వాళ్లు గమనించగలరు.

లోపల జరిగేది ఇది. మామూలు ఫొటో కాగితం మీద వెలుతురు పడ్డచోట నలుపు వస్తుంది, అంటే బొమ్మ తలకిందులు రంగుల్లో, నెగటివ్‌గా వస్తుంది. బూత్‌లో కాగితం ముందు డెవలపర్‌లో మునుగుతుంది, వెలుతురు తగిలిన వెండి నల్లబడుతుంది. తర్వాత బ్లీచ్‌లో మునుగుతుంది, ఆ నల్లటి వెండి కరిగిపోతుంది. మిగిలిన వెండి లవణాన్ని ఇంకో మందు నల్లబరుస్తుంది. అలా నెగటివ్ అవసరం లేకుండా నేరుగా పాజిటివ్ వస్తుంది. ఒక చెయ్యిలాంటి మెకానిజం ఆ పట్టీని తొట్టిలోంచి తొట్టిలోకి ముంచి లేపుతూ ఉంటుంది.

మా లెక్క మూడుచోట్ల ఆగింది. ఒకటి, పాత బూత్ బరువు కొన్ని వందల కిలోలు. ఓడలో తెప్పించాలి. రెండు, దానికి కావాల్సిన డైరెక్ట్ పాజిటివ్ పేపర్ తయారుచేసేవాళ్లని ప్రపంచం మొత్తంలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పేపర్ ఆగితే బూత్ ఆగినట్టే. మూడు, ఆ బ్లీచ్‌లో పొటాషియం డైక్రోమేట్, సల్ఫ్యూరిక్ ఆమ్లం వాడతారు. డైక్రోమేట్ క్యాన్సర్ కారకం. కెమిస్ట్రీ సార్ దగ్గరికి వెళ్లి అడిగితే "ఫెస్ట్ స్టాల్‌లోనా?" అని ఒక్క మాట అని మళ్లీ పేపర్లు దిద్దుకోవడం మొదలుపెట్టారు.

మన వీధి బూత్

అప్పుడు మా అమ్మమ్మ చెప్పిన మాట గుర్తొచ్చింది. ఆవిడ చిన్నప్పుడు జాతర్లలో మూడు కాళ్ల మీద చెక్కపెట్టె పెట్టుకుని ఒకాయన కూర్చునేవాడట. నల్లగుడ్డ గొట్టంలో చెయ్యి పెట్టి ఏదో కలిపి, కాసేపటికి ఫొటో తీసి బకెట్ నీళ్లలో వేసేవాడట. అదే మినిట్ కెమెరా. ఫొటోబూత్‌లాగే ఇదీ కెమెరా, డార్క్‌రూమ్ ఒకే పెట్టెలో ఉన్న యంత్రం. కాకపోతే ఇక్కడ మోటారు బదులు మనిషి చెయ్యి ఉంటుంది.

హైదరాబాద్‌లో ఫొటో అనగానే అందరూ రాజా దీన్‌దయాళ్ పేరు చెప్తారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్, 'ముసవ్విర్ జంగ్' బిరుదు పొందినవాడు. ఆయన కెమెరా ముందు నవాబులూ వైస్రాయ్‌లూ నిలబడ్డారు. స్టూడియో మెట్లెక్కే డబ్బులేని మనిషికి మాత్రం మొదటి ఫొటో ఇలాంటి చెక్కపెట్టే ఇచ్చింది. జైపూర్ హవా మహల్ దగ్గర ఈ పెట్టెతోనే తరాలుగా ఫొటోలు తీసిన కుటుంబం ఉంది. అఫ్గానిస్తాన్‌లో దీన్ని 'కమ్రా-ఏ-ఫౌరీ' అంటారు, అంటే వెంటనే ఇచ్చే కెమెరా. 1990లలో తాలిబన్లు మనుషుల ఫొటోలు తీయడాన్ని నిషేధించినప్పుడు అక్కడి ఫొటోగ్రాఫర్లు ఈ పెట్టెల్ని దాచిపెట్టుకున్నారు.

గురువారం, పురానాపూల్

మూసీ మీద హైదరాబాద్‌కి మొట్టమొదటి వంతెన పురానాపూల్. 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కట్టించాడు, అంటే చార్మినార్ కంటే పెద్దది. బండ్లన్నీ ఇప్పుడు పక్కనున్న కొత్త వంతెన మీద పోతాయి. పాత వంతెన మీద కూరగాయలు అమ్ముతారు. అక్కడికి దగ్గర్లోనే ప్రతి గురువారం జుమెరాత్ బజార్ జరుగుతుంది. జుమెరాత్ అంటేనే గురువారం. పాత ఫ్యాన్లు, పాత తలుపులు, జతలేని చెప్పులు, గ్రామఫోన్ కొమ్ములు, ఎవరి ఇంట్లోంచో వచ్చిన ఫ్రేముల్లోని తెలియని మొహాలు, అన్నీ నేల మీద పరిచి ఉంటాయి. గురువారం మధ్యాహ్నం మాకు డీబీఎంఎస్ ల్యాబ్. మూడు గురువారాల అటెండెన్స్ పోయింది.

మూడో గురువారం ఒక చాచా దగ్గర కనబడింది. టేకు పెట్టె, ముందు గుండ్రటి రంధ్రం, వెనక తలుపు, పక్కన చిరిగిన గుడ్డ గొట్టం. ఆయన అందులో పాత తాళాలు పోసుకుని కూర్చున్నాడు. "చాచా, యే క్యా హై?" అంటే "డబ్బా హై" అన్నాడు. ధర అడిగాం, పదిహేను వందలు. మా కళ్లలో వెలుగు చూసినట్టున్నాడు. సంచిలోంచి ఒక ఇత్తడి లెన్స్ తీసి, "ఇస్ కే పైసే అలగ్" అన్నాడు. పెట్టె పదిహేను వందలు, లెన్స్ పాతిక వందలు. గంట బేరమాడాక రెండూ కలిపి ముప్పై రెండు వందలకి ఒప్పుకున్నాడు. తాళాలు ఖాళీ చేస్తుంటే అడుగున 'ఇందు' అని రాసున్న ఖాళీ పేపర్ కవర్ దొరికింది. ఊటీలో 1960లో పెట్టిన ప్రభుత్వ సంస్థ హిందుస్తాన్ ఫొటో ఫిల్మ్స్ వాళ్ల బ్రాండ్ అది. ఎక్స్‌రే ఫిల్ము నుంచి ఫొటో పేపర్ దాకా అక్కడ తయారయ్యేది. ఇప్పుడా ఫ్యాక్టరీ లేదు.

కొనేముందు ఏం చూడాలి

మీరూ ఎక్కడైనా ఇలాంటి పెట్టె చూస్తే, మురిసిపోయి డబ్బులిచ్చేముందు ఈ ఐదూ చూడండి.

లెన్స్: ఫోన్ టార్చి ఒకవైపు నుంచి వేసి రెండోవైపు నుంచి చూడండి. చిన్న గీతలుంటే ఫర్వాలేదు. సాలెగూడులాంటి సన్నటి దారాలు కనిపిస్తే అది ఫంగస్. అది పెరుగుతూనే ఉంటుంది, గాజుని తినేస్తుంది.

చెక్క: మూలల్లో గోరుతో నొక్కండి. మెత్తగా దిగితే చెదలు పట్టింది. సన్నటి పొడి రాలితే లోపల పురుగుంది.

లోపలి పొడవు: ఇది చాలామంది మర్చిపోతారు. ఇంటర్ ఫిజిక్స్‌లో లెన్స్ ఫార్ములా చదివాం కదా, జీవితంలో మొదటిసారి పనికొచ్చింది. మా లెన్స్ ఫోకల్ లెంగ్త్ 15 సెంటీమీటర్లు. మనిషి మీటరున్నర దూరంలో కూర్చుంటే బొమ్మ లెన్స్ వెనక సుమారు 16.7 సెంటీమీటర్ల దగ్గర పడుతుంది. కానీ నెగటివ్‌ని మళ్లీ అదే సైజులో ఫొటో తీయాలంటే, లెన్స్‌కి ముందు 30, వెనక 30 సెంటీమీటర్లు కావాలి. పెట్టె లోపల అంత జాగా లేకపోతే నెగటివ్ దగ్గరే ఆగిపోతాం. మా పెట్టె లోపల 38 ఉంది. బతికిపోయాం.

కడ్డీలు: పేపర్ పెట్టే పలక లోపలి కడ్డీల మీద ముందుకీ వెనక్కీ జరగాలి. మందుల తడికి ఇనుము తుప్పు పడుతుంది. మేం తీసేసి స్టీల్ కడ్డీలు వేయించాం.

వెలుతురు కారడం: దీన్ని బజార్లో చూడలేం, ఇంటికొచ్చాక చూడాలి. లెన్స్ మూసి, లోపల ఒక ఫొటో పేపర్ పెట్టి, పెట్టెని పది నిమిషాలు ఎండలో ఉంచండి. తర్వాత ఆ పేపర్‌ని డెవలప్ చేయండి. తెల్లగా ఉంటే పెట్టె మంచిది. నల్లటి చారలొస్తే, చార ఎటు ఉందో చూసి ఆ వైపు సందు వెతకండి. మాకు నాలుగు సందులు దొరికాయి. చెక్క మైనం, లోపల బ్లాక్‌బోర్డ్ పెయింటు, చేతి గొట్టానికి రెండు పొరల నల్ల వెల్వెట్ గుడ్డ, చివర ఎలాస్టిక్. అన్నీ కలిపి తొమ్మిది వందలు.

పెట్టెలో ఏం జరుగుతుంది

పెట్టెలో ఒక పక్క ఫొటో పేపర్ల డబ్బా, అడుగున రెండు చిన్న ట్రేలు. ఎడమది డెవలపర్, కుడిది ఫిక్సర్. పైన ఎర్ర గాజు కిటికీ. మామూలు ఫొటో పేపర్‌కి ఎరుపు కనబడదు, అందుకే ఎర్ర వెలుతురులో మనం లోపలికి చూడగలం.

ఈ ఎరుపు గుడ్డితనానికి ఇంకో ఫలితం కూడా ఉంది. కుంకుమ బొట్టు ఫొటోలో నల్లగా వస్తుంది. మన చర్మం కూడా ఉన్నదానికంటే ముదురుగా వస్తుంది. అందుకే పాత వీధి ఫొటోగ్రాఫర్లు నెగటివ్ మీద మొహానికి పల్చటి ఎర్ర రంగు పూసేవాళ్లు. ఎరుపు పేపర్‌కి నలుపుతో సమానం కాబట్టి, పాజిటివ్‌లో ఆ చోటు తేలికవుతుంది. ఫిల్టర్లు ఇన్‌స్టాగ్రామ్ కనిపెట్టిందేం కాదన్నమాట. మేం రంగు పూయలేదు. మొహాలు ఎలా ఉంటే అలా వచ్చాయి.

పేపర్ స్పీడ్ ఐఎస్‌ఓలో చెప్పాలంటే సుమారు 6. అంటే మంచి ఎండలో ఎఫ్/16 దగ్గర సెకనులో ఆరో వంతు. చెట్టు నీడలో మూడు స్టాపులు తక్కువ, కాబట్టి దాదాపు సెకనుంబావు. దీనికి షట్టర్ అక్కర్లేదు. లెన్స్ మూత తీసి, "ఒకటీ" అని కాస్త సాగదీసి, మళ్లీ పెట్టేయడమే. ఆ సెకను కదలకూడదు. పాత ఫొటోల్లో మన తాతలు అంత సీరియస్‌గా ఎందుకుంటారో అప్పుడు అర్థమైంది. నవ్వుని పట్టి ఉంచడం కష్టం.

మొదటి కాగితం నెగటివ్. దాన్ని డెవలప్ చేసి, ఫిక్స్ చేసి, లెన్స్ ముందుకి చాచిన పట్టీ మీద అంటించి, మళ్లీ ఫొటో తీయాలి. దగ్గరి ఫొటో కాబట్టి వెలుతురు నాలుగు రెట్లు కావాలి, అదే నీడలో ఐదారు సెకన్లు. నెగటివ్‌కి నెగటివ్ తీస్తే పాజిటివ్. మొదటిసారి కుడిఎడమలు తారుమారైన బొమ్మ రెండోసారి సరి అవుతుంది. టీ షర్టు మీద అక్షరాలు మళ్లీ చదవొచ్చు. మొత్తం ఏడు నిమిషాలు. మినిట్ కెమెరా అన్నది పేరుకే.

మందులు

డెవలపర్‌కి కొడాక్ డి-72 ఫార్ములా వాడాం. 50 డిగ్రీల వేడి నీళ్లు అర లీటరు తీసుకుని వరసగా కలపాలి: మెటాల్ 3 గ్రాములు, సోడియం సల్ఫైట్ 45, హైడ్రోక్వినోన్ 12, సోడియం కార్బనేట్ మోనోహైడ్రేట్ 80, పొటాషియం బ్రోమైడ్ 2. తర్వాత లీటరుకి నీళ్లు. వాడేటప్పుడు ఒక వంతుకి రెండు వంతుల నీళ్లు. వరస మారకూడదు. సల్ఫైట్ మొత్తం ముందే వేస్తే మెటాల్ కరగదు, మేం వేసి చూశాం. గ్లవ్స్ తప్పనిసరి, మెటాల్ కొందరికి చర్మం మీద దద్దుర్లు తెస్తుంది. 20 డిగ్రీల దగ్గర ఇది ఒకటి, ఒకటిన్నర నిమిషాల్లో పనిచేస్తుంది. మన ఊళ్లో మార్చి దాటాక 20 డిగ్రీలంటే క్యాంటీన్ ఐస్ అడుక్కోవడమే.

ఫిక్సర్ తేలిక. లీటరుకి హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్, 250 గ్రాములు, సోడియం మెటాబైసల్ఫైట్ 25 గ్రాములు. వెలుతురు తగలని వెండి లవణాన్ని ఇది కరిగించి తీసేస్తుంది. తీసేయకపోతే బొమ్మ బయట వెలుతురులో మొత్తం నల్లబడుతుంది.

పేపర్‌లో రెండు రకాలున్నాయి. ఆర్‌సీ పేపర్‌కి రెండువైపులా ప్లాస్టిక్ పూత ఉంటుంది, మందు కాగితంలోకి ఇంకదు. ఫైబర్ పేపర్ ఉత్త కాగితం, అన్నీ పీల్చుకుంటుంది. ఒక పాత స్టూడియోలో తేదీ దాటిన ఫైబర్ పేపర్ చవకగా దొరికింది. తీసుకున్నాం. ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోండి.

ఫెస్ట్

ఫిబ్రవరిలో రెండు రోజులు, వేపచెట్టు కింద స్టాల్, ఫొటోకి 50 రూపాయలు. 40 ఫొటోలు తీశాం. మెకానికల్ వాళ్ల పానీపూరీ క్యూ కంటే మాదే పొడుగు అని ఇప్పటికీ చెప్పుకుంటాం.

రెండో రోజు సాయంత్రం మన హాస్టల్ మెస్‌లో చపాతీలు చేసే అక్క వాళ్లమ్మని తీసుకొచ్చింది. కూతురి దగ్గర నాలుగు రోజులు ఉండిపోదామని ఊరినుంచి వచ్చిందట. తెల్లటి జుట్టు, పెద్ద బొట్టు. ఇద్దర్నీ పక్కపక్కన స్టూళ్ల మీద కూర్చోబెట్టి మూత తీశాం. నెగటివ్ బయటికి తీసి పట్టీకి అంటిస్తుంటే పెద్దామె వంగి చూసింది. నెగటివ్‌లో తెల్లజుట్టు నల్లగా ఉంటుంది కదా.

"గిదేంది బిడ్డా, నా ఎంటికలు మల్ల నల్లగైనయ్!" అని ఒకటే నవ్వు. పాజిటివ్ చేతికిస్తే పక్కన పెట్టి, "గీ ముసలిది నాకెందుకు, నాకు గదే ఇయ్యి" అంది. "అవ్వా, నెగటివ్ మా రికార్డుకి కావాలె" అని ఇవ్వలేదు. 40 నెగటివ్‌లూ ఒక చెప్పుల డబ్బాలో వేసి క్లబ్ రూమ్‌లో పెట్టేశాం.

జూలైలో

సెలవులయ్యాక హాస్టల్ తెరిచిన వారంలో అక్క మెస్ బయట నన్ను ఆపింది. చీర కొంగులోంచి ఫొటో తీసి చూపించింది. ఏప్రిల్లో వాళ్లమ్మ చనిపోయిందట. ఇంట్లో ఇదొక్కటే ఫొటో, ఫ్రేము కట్టించి పెట్టుకుందట. ఫొటోలో అక్క వైపు పసుపు పట్టింది. అమ్మ వైపు, నుదుటి నుంచి చెంప దాకా, ముదురు గోధుమరంగు మరక పాకింది.

"తమ్మీ, మా అమ్మ మొకం పోతున్నది. ఏమన్న చేస్తరా?"

తిట్టినా బాగుండేది. రూమ్‌కొచ్చి మా దగ్గరున్న ఫొటోలు తీసి చూశాం. మొదటి రోజువి కొంచెం పసుపు. రెండో రోజువి దాదాపు అన్నీ మరకలు.

ఎందుకు పాడయ్యాయి

కారణాలు రెండు, రెండూ మావే.

మొదటిది ఫిక్సర్. పెట్టెలోని ట్రేలో పావు లీటరే పడుతుంది. నెగటివ్, పాజిటివ్ కలిపి 80 కాగితాలు అదే పావు లీటరులో ముంచాం. వెండితో నిండిపోయిన ఫిక్సర్ పైకి పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది, కానీ నీళ్లలో సరిగా కరగని వెండి సమ్మేళనాల్ని కాగితంలోనే వదిలేస్తుంది. రెండో రోజు ఫొటోలు ఎక్కువ పాడవడానికి కారణం అదే.

రెండోది కడగడం. నెట్‌లో "రెండు నిమిషాలు కడిగితే చాలు" అని చదివాం. అది ఆర్‌సీ పేపర్ సంగతి. ఫైబర్ పేపర్‌ని పారే నీళ్లలో గంటసేపు కడగాలి. మేం బకెట్‌లో రెండు నిమిషాలు ముంచి, తుడిచి, చేతిలో పెట్టాం. కాగితం పోగుల్లో ఉండిపోయిన హైపో నెమ్మదిగా విడిపోయి గంధకాన్ని వదిలింది. బొమ్మ అంటే ఏమిటి, సన్నటి వెండి కణాలు. వెండికి గంధకం తగిలితే సిల్వర్ సల్ఫైడ్ అవుతుంది. ఇంట్లో వెండి పట్టీలు, కుంకుమభరిణె నల్లబడేది కూడా దానివల్లే. పట్టీలైతే తోముకోవచ్చు. మొహాన్ని తోమలేం.

ఫొటో ఏడు నిమిషాల్లో వస్తుంది. అది పదేళ్లు ఉంటుందా పది వారాలు ఉంటుందా అన్నది ఆ తర్వాతి గంటలో తేలుతుంది. ఆ గంటలో చూడ్డానికి ఏమీ ఉండదు, కస్టమర్ వెళ్లిపోతాడు, స్టాల్ సర్దేస్తుంటారు. అందుకే అందరూ ఎగ్గొట్టేది అదే. మేమూ ఎగ్గొట్టాం.

ఇప్పుడు మేం పాటించేవి

మెల్‌బోర్న్‌లో ఆలన్ ఆడ్లర్ అనే ఆయన దాదాపు 50 ఏళ్లు ఫొటోబూత్‌లు నడిపాడు. ఫ్లిండర్స్ స్ట్రీట్ రైల్వే స్టేషన్‌లోని బూత్ ఆయనదే. సర్వీసింగ్ అయ్యాక ప్రతిసారీ తనే స్టూలు మీద కూర్చుని ఒక టెస్ట్ పట్టీ తీసుకునేవాడు. అలా ఆయన సొంత ఫొటోలే కుప్పలుగా మిగిలాయి. 2024లో చనిపోయాడు. మేం ఆయన నుంచి ఆ అలవాటు తీసుకున్నాం. ప్రతి సెషన్‌కి మొదటి ఫొటో పెట్టె నడిపేవాడిదే. అది బాగుంటేనే రెండోది.

ఫిక్సర్ ప్రతి 20 కాగితాలకి మార్చేస్తాం. అనుమానమొస్తే వాడిన ఫిక్సర్‌లో 5 శాతం పొటాషియం అయోడైడ్ ద్రావణం కొన్ని చుక్కలు వేస్తాం. తెల్లటి మడ్డిలా ఏర్పడి కలిపినా కరగకపోతే ఆ ఫిక్సర్ పని అయిపోయింది.

పెట్టెలోంచి వచ్చిన ఫొటోని బయట ఇంకో తాజా ఫిక్సర్‌లో రెండోసారి ముంచుతాం. తర్వాత లీటరుకి 20 గ్రాముల సోడియం సల్ఫైట్ కలిపిన నీళ్లలో పది నిమిషాలు. అది హైపోని వదిలిస్తుంది, కడగడం తేలికవుతుంది. ఆ తర్వాత కూడా మేం గంట కడుగుతాం. అరగంట చాలని పుస్తకాలు అంటాయి. మాకు భయం ఉంది.

కడగడం అయిందో లేదో తెలుసుకోవడానికి మెడికల్ షాపులో దొరికే పొటాషియం పర్మాంగనేట్ చాలు. పలుచటి గులాబీరంగు ద్రావణంలోకి ఫొటో అంచునుంచి కారే నీళ్లు పట్టండి. రంగు పోతే హైపో ఇంకా ఉంది. రంగు నిలిస్తే ఆరబెట్టండి. ఫొటో ఇప్పుడు మర్నాడు ఇస్తాం. వెనక పెన్సిల్‌తో తేదీ, ఫిక్సర్ నంబరు, కడిగిన సమయం రాస్తాం.

పెట్టె విషయానికొస్తే, పని అయ్యాక ట్రేలు తీసి, లోపలంతా తడిగుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో తుడుస్తాం. తలుపు తెరిచే రాత్రంతా ఆరనిస్తాం. లెన్స్‌ని విప్పి సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో పెడతాం. వానాకాలంలో ఆ పొట్లాలు నెలకోసారి మారుస్తాం. ఫిక్సర్ ముట్టుకున్న వేలితో డెవలపర్ ముట్టకూడదు, ఒక్క చుక్కతో డెవలపర్ పాడవుతుంది. గొట్టంలో ఒకటే చెయ్యి కాబట్టి మధ్యలో తుడుచుకోవడానికి లోపలే తడిగుడ్డ ఉంచుతాం.

వాడేసిన ఫిక్సర్‌ని సింకులో పోయం. అందులో కరిగిన వెండి నీళ్లలోని జీవాలకి విషం. గిన్నెలు తోమే స్టీల్ ఊల్‌ని ఒక డబ్బాలో కుక్కి, అందులో ఫిక్సర్ పోసి కొన్ని రోజులు ఉంచుతాం. ఇనుము కరిగి, వెండి బూడిదరంగు బురదలా దిగుతుంది. ఆ డబ్బా కెమిస్ట్రీ ల్యాబ్‌కి వెళ్తుంది. పెట్టె కొన్న రోజు పాత వంతెన మీద నిలబడి మూసీని చూశాం. అందులో కలవడానికి మా వంతు కూడా పంపాల్సిన పని లేదు.

ఇరవై ఏడో నంబరు

చెప్పుల డబ్బాలోని 40 నెగటివ్‌లకీ అదే జబ్బు ఉండాలి. కానీ డబ్బాలో చీకట్లో ఉన్నందువల్లో ఏమో, చాలావాటికి మరకలు అప్పుడే మొదలయ్యాయి. ఒకసారి పట్టిన మరక పోదు, కొత్తది పట్టకుండా మాత్రం ఆపొచ్చు. అన్నిటినీ రెండు తాజా ఫిక్సర్లలో ముంచి, సల్ఫైట్‌లో వేసి, హాస్టల్ కుళాయి కింద విడతలు విడతలుగా కడిగాం. అక్కా వాళ్ల నెగటివ్ 27వది. చీర అంచు దగ్గర చిన్న మరక ఉంది. మొహాలు రెండూ శుభ్రంగా ఉన్నాయి.

మళ్లీ వేపచెట్టు కింద పెట్టె పెట్టి, 40 నెగటివ్‌లలో పనికొచ్చిన 33 నుంచి కొత్త పాజిటివ్‌లు తీశాం. పాసైపోయినవాళ్లకి పోస్టులో పంపాం. పాడైన ఏడుగురికీ ఫోన్ చేసి విషయం చెప్పి డబ్బులు వెనక్కిచ్చాం. ఒకమ్మాయి "నేను ఫోన్లో ఫొటో తీసి పెట్టుకున్నాలే" అంది. ఊపిరి పీల్చుకున్నాం.

అక్క వంటలయ్యాక క్లబ్ రూమ్‌కి వచ్చింది. కొత్త ఫొటో చేతిలో పెట్టాం. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు చూసుకుంది. మేం ముగ్గురం గోడమీది పోస్టర్లు చదువుతున్నట్టు నిలబడ్డాం. తర్వాత బల్ల మీద ఉన్న నెగటివ్ కనబడింది ఆమెకి. అందులో వాళ్లమ్మ జుట్టు నల్లగా ఉంది.

"గిది గూడ ఇస్తరా తమ్మీ? ఆమె గిదే అడిగింది గద."

స్కాన్ చేసుకుని ఇచ్చేశాం. ఇచ్చేముందు ఇంకో అరగంట కడిగాం.